ఆరేళ్ల మేనల్లుడికి షూ లేసులు కట్టడం నేర్పాలి, చివర్లో అంతా ఊడిపోతోంది, సాయం చేయండి

మేనమామ_కష్టాలు:
అందరికీ నమస్తే. మా అక్క కొడుక్కి ఆరేళ్లు. వాడికి లేసులు కట్టుకోవడం నేర్పే పని నా నెత్తిన పడింది, ఎందుకంటే అక్కకి ఓపిక లేదు, బావకి తీరిక లేదు. మొదటి ముడి, అంటే రెండు లేసులూ అడ్డంగా వేసి ఒకటి కిందనుంచి దూర్చి లాగడం, అది బానే వేస్తున్నాడు. తర్వాత ఒక లూప్ చేసి పట్టుకుంటాడు, రెండో లేసుని దాని చుట్టూ తిప్పుతాడు, ఇంతవరకూ ఓకే. ఆ పైన రెండో లూప్‌ని సందులోంచి తోసి లాగాలి కదా, అక్కడికి వచ్చేసరికి లేసు కొస మొత్తం బయటికి లాగేస్తాడు, లేదా చేతిలో ఉన్న మొదటి లూప్ వదిలేస్తాడు. ఆ తర్వాత షూ గాల్లోకి లేస్తుంది. మాటలతో ఎలా చెప్పాలో నాకు అర్థం కావట్లేదు, నా చేతులకి వచ్చు గానీ నోటికి రాదు. మీరెవరైనా పిల్లలకి నేర్పి ఉంటే ఎలా నేర్పారో కాస్త వివరంగా రాయండి.

ఇద్దరుపిల్లలతల్లి:
తమ్ముడూ, ముందు కాలికి తొడిగిన షూ మీద నేర్పడం ఆపేయ్. ఒళ్లు వంచి, ఊపిరి బిగబట్టి, పైగా కొత్త ముడి నేర్చుకోవడం అంటే పెద్దవాళ్లకే చిరాకు. షూ విప్పి బల్ల మీద పెట్టు, ముందు కొస వాడికి అవతలి వైపు ఉండాలి, అంటే కాలికి ఉన్నప్పుడు వాడికి ఎలా కనబడుతుందో అలాగే. నువ్వు ఎదురుగా కూర్చోకు, పక్కన కూర్చో. ఎదురుగా కూర్చుంటే నీ కుడి వాడికి ఎడమ అయిపోతుంది, వాడు దాన్ని తలలో తిప్పుకుని చూడాలి, ఆరేళ్ల వాడికి అది ముడి కంటే కష్టం.

ఇంకోటి, లేసులు మార్చు. సన్నగా గుండ్రంగా ఉండే నైలాన్ లేసులు నా చేతిలోనే జారిపోతాయి. వెడల్పుగా బద్దీలా ఉండే నూలు లేసులు తీసుకో, అదీ రెండు రంగుల్లో. ఒక్కో రంగు లేసుని సగానికి కత్తిరించి రెంటినీ కలిపి ముడేసి, ఆ ముడి కింది రంధ్రాల మధ్య పడేలా ఎక్కించు. అప్పుడు "ఇది కాదు, అది, ఆ ఇంకోటి" అనే గొడవ ఉండదు, "ఎర్రది తిప్పు, తెల్లది పట్టుకో" అంటే సరిపోతుంది.

వెల్క్రోవీరుడు:
ఇంత రామాయణం ఎందుకు బాసూ, వెల్క్రో ఉందిగా? జార్జ్ డి మెస్ట్రల్ అనే స్విస్ ఇంజినీరు 1941లో కుక్కతో కొండల్లో తిరిగొచ్చి, దాని బొచ్చుకి అంటుకున్న ముళ్లకాయల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, ఆ కొక్కేల ఆలోచనతో తయారు చేశాడు, 1955లో పేటెంట్ కూడా వచ్చింది. అంత మనిషి అంత కష్టపడింది మన పిల్లలు హాయిగా టర్రుమని లాగి వెళ్లిపోవాలనే కదా 😄

ముడిసరుకు:
వీరుడు గారూ, ఆర్మేనియాలో అరేనీ గుహలో దొరికిన తోలు షూ సుమారు 5,500 ఏళ్ల నాటిది. దానికీ రంధ్రాలున్నాయి, తోలు లేసు ఉంది. అన్నేళ్లుగా నిలిచిన పద్ధతి మీద ఒక ముళ్లకాయ గెలుస్తుందంటారా. సరే జోక్ పక్కన పెడితే, వెల్క్రో బిగుతు ఒకటి రెండు పట్టీల దగ్గరే ఉంటుంది, లేసు అయితే పాదం ఎక్కడ లావుగా ఉంటే అక్కడ వదులుగా, ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ బిగుతుగా సర్దుకోవచ్చు. పిల్లాడు ఎదిగాక ఆటల షూ కొనాలంటే ఎక్కువ శాతం లేసువే. ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందే.

మేనమామ గారూ, మీకు నేను చెప్పాల్సింది వేరే ఉంది, అది చాలా ముఖ్యం, కానీ ముందు వాడికి ముడి రానివ్వండి, తర్వాత చెప్తాను.

ఓటీ_అక్క:
నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, ఇది నా రోజూ పని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మొదటి విషయం, ఆరేళ్లకి రాకపోవడం ఆలస్యం కాదు. చాలామంది పిల్లలకి ఐదు నుంచి ఏడేళ్ల మధ్యలో ఎప్పుడో వస్తుంది. దీనికి రెండు చేతులూ ఒకేసారి వేర్వేరు పనులు చేయాలి, ఒకటి కదలకుండా పట్టుకోవాలి, ఇంకోటి తిప్పాలి, మధ్యలో పని చేతులు మారిపోతుంది. వాడు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడా, ఒక చేత్తో కాగితం తిప్పుతూ ఇంకో చేత్తో కత్తెరతో గుండ్రంగా కత్తిరించగలడా చూడండి. అవి వస్తుంటే ఇదీ వస్తుంది. అవి రాకపోతే ముందు వాటి మీద ఆడించండి, లేసుల జోలికి కొన్నాళ్లు పోకండి.

రెండోది, మనం అందరం మొదటి మెట్టు నుంచి నేర్పుతాం. పిల్లాడు మొదటిది చేస్తాడు, రెండోది చేస్తాడు, కష్టమైన చోట ఆగిపోతాడు, మిగతాది మనం పూర్తి చేస్తాం. అంటే ప్రతిసారీ వాడికి మిగిలేది ఓడిపోయిన చోటే. దీన్ని తిరగేయండి. మీరే మొత్తం కట్టండి, ఆఖరున రెండు లూపులూ పట్టుకుని బిగించే పని ఒక్కటే వాడికి వదలండి. "లాగు" అనగానే లాగుతాడు, ముడి పడుతుంది, షూ రెడీ. అది చేతికి అలవాటయ్యాక, దాని ముందు మెట్టు కూడా వాడికే, అంటే సందులోంచి లూప్ కొంచెం బయటికి కనబడేదాకా మీరు తోసి వదిలేయండి, వాడు పట్టుకుని బయటికి తీసి బిగిస్తాడు. ఆ తర్వాత తోయడం కూడా వాడే. అలా వెనక నుంచి ముందుకి రావాలి. వాడు చేసే ప్రతి ప్రయత్నం కట్టిన ముడితోనే ముగుస్తుంది కాబట్టి షూ విసిరే అవసరం రాదు.

మూడోది, మీ వాడు ఇరుక్కున్న చోటు గురించి. ఆ సందు వాడికి కనబడదు. బొటనవేలి కింద దాక్కుని ఉంటుంది. పెద్దవాళ్లం కూడా అక్కడ కళ్లతో చూసి చేయం, వేలు తడుముకుంటూ పోతుంది. అందుకే "కొస కాదు, మధ్యలో తొయ్యి" అని ఎన్నిసార్లు అన్నా ఏది మధ్యో వాడికి తెలియదు. లేసు మీద, తోయాల్సిన చోట పెన్నుతో ఒక గీత పెట్టండి. ఆ గీతని బొటనవేలితో సందులోకి నొక్కమనండి. చాలామందికి ఈ ఒక్క గీతతో సగం సమస్య తీరిపోతుంది.

ఇంకా మొరాయిస్తే రెండు చెవుల పద్ధతికి మారండి, రెండు లూపులూ ముందే చేసి, ఆ రెంటితోనే మొదటి ముడి లాంటి ముడి మళ్లీ వేయడం. వాడికి వచ్చిన పనే రెండోసారి చేయడం కాబట్టి కొత్త కదలిక తక్కువ.

సందేహాలరావు:
రెండు చెవుల పద్ధతి పిల్లల పద్ధతి అనీ, అది గట్టిగా ఉండదనీ మా వ్యాయామం మాస్టారు అనేవారు. నిజమేనా? నేను ఇప్పటికీ అలాగే కడతాను, ఎవరైనా చూస్తే కొంచెం నామోషీగా ఉంటుంది.

ముడిసరుకు:
సరిగ్గా వేస్తే చివరికి తయారయ్యే ముడి రెంటిలోనూ ఒకటే, రావు గారూ. దారి వేరు, ఊరు ఒకటే. ఇంకా త్వరగా కావాలంటే ఇయాన్ ఫీగెన్ అనే ఆస్ట్రేలియా ఆయన పేరు మీద "ఇయాన్ నాట్" అని ఒకటుంది, రెండు చేతులతో రెండు లూపులూ ఒకేసారి చేసి, ఒకదాంట్లోంచి ఒకటి ఒకేసారి దూర్చేసి లాగడమే. చూసేవాళ్లకి ఏదో గారడీలా ఉంటుంది, ఫలితం మాత్రం మామూలు బో ముడే. పిల్లలకి మొదట్లో వద్దు, కానీ మీరు నామోషీ పోగొట్టుకోవాలంటే అది నేర్చుకోండి, ఇంక మాస్టారు కూడా నోరు మూస్తారు.

గట్టిగా ఉండకపోవడానికి కారణం చెవులు ఒకటా రెండా అన్నది కాదు. ఇందాక ముఖ్యమైనది ఉందన్నాను కదా, అది ఇదే, ఇప్పుడే చెప్పేస్తాను. అందరూ ఒకసారి మీ కాలి వైపు చూసుకోండి. కట్టిన లూపులు షూకి అడ్డంగా, ఒకటి కుడికి ఒకటి ఎడమకి పడుకుని ఉన్నాయా? అయితే మీది రీఫ్ నాట్ మీద కట్టిన బో, అది నిలబడుతుంది. అలా కాకుండా ఒక లూపు వేళ్ల వైపు, ఇంకోటి చీలమండ వైపు నిలువుగా తిరిగి ఉంటే మీది గ్రానీ నాట్. ఎంత గట్టిగా లాగి కట్టినా కాసేపటికి వదులవుతుంది. లూపుల్ని అడ్డంగా సర్ది పెట్టినా నాలుగడుగులు వేయగానే మళ్లీ నిలువుకి తిరిగిపోతాయి.

కారణం తేలిక. మొదటి ముడి ఏ దిక్కుకి వేశామో రెండోది దానికి వ్యతిరేక దిక్కులో వేయాలి. ఎడమది కుడిదాని మీదుగా వేసి మొదటి ముడి కడితే, రెండోసారి కుడిచేతి వైపు ఉన్నది ఎడమదాని మీదుగా పోవాలి. రెండూ ఒకే దిక్కుకి వేస్తే గ్రానీ అవుతుంది. చిన్నప్పుడు నేర్పినవాళ్ల చేతుల్లో ఏముందో మనకీ అదే వచ్చేస్తుంది, జీవితాంతం లేసులు ఊడుతూనే ఉంటాయి, మనం మాత్రం లేసుల్ని తిడుతూ ఉంటాం.

పరుగుపిచ్చి:
ముడిసరుకు అన్నా, నిజం!! దీని మీద ఏకంగా పరిశోధనే ఉంది. 2017లో బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు, ఆలివర్ ఓ'రైలీ అనే ప్రొఫెసరూ ఆయన విద్యార్థులు క్రిస్టీన్ గ్రెగ్, క్రిస్టొఫర్ డెయిలీ-డైమండ్, పరిగెత్తుతున్న మనిషి లేసుల్ని హైస్పీడ్ కెమెరాతో తీశారు. పాదం నేలకి తగిలే దెబ్బ గురుత్వాకర్షణకి దాదాపు ఏడు రెట్లు ఉంటుందట, ఆ దెబ్బకి ముడి సాగి వదులవుతుంది. అదే సమయంలో కాలు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే లేసు కొసలు విసురుగా కొట్టుకుంటాయి, కనబడని చేతులు పట్టుకుని లాగినట్టు. కొస కొంచెం జారిందంటే అది పొడుగవుతుంది, పొడుగైతే ఇంకా గట్టిగా లాగుతుంది, ఇంక అక్కడి నుంచి కొన్ని క్షణాల్లోనే మొత్తం ఊడిపోతుంది. అందుకే ఊడేదాకా మనకి తెలియదు, చూసేసరికి లేసు నేల మీద.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపినా ఊడలేదు, ఊపకుండా నేల మీద తొక్కినా ఊడలేదు. రెండూ కలిస్తేనే ఊడుతుంది. గ్రానీ త్వరగా ఊడుతుంది, రీఫ్ మెరుగు, కానీ అదీ ఊడనే ఊడదని కాదు. కొసలకి బరువు తగిలించి చూస్తే ఇంకా ఎక్కువగా ఊడాయట, కాబట్టి మోకాలి దాకా వేలాడే పొడుగు లేసులు వాడకండి బాబూ.

ఇద్దరుపిల్లలతల్లి:
ఇప్పుడే మా ఇంట్లో అందరి షూ చూసొచ్చా. ఆయనవి నిలువు. పెద్దాడివి నిలువు. వాడికి నేర్పింది ఆయనే. నావి అడ్డం. ఇక ఈ విషయం ఈ ఇంట్లో చాలాకాలం నడుస్తుంది 😂

సందేహాలరావు:
మరి పైన ఇంకో ముడి వేసేస్తే పోలా? రెండు లూపులతో మళ్లీ ఒక ముడి. మా పిల్లలందరికీ అలాగే వేసి పంపేవాళ్లం.

ఓటీ_అక్క:
పెద్దవాళ్లకి పర్లేదు. పిల్లలకి ఒక చిక్కుంది, అది తడిసి బిగుసుకుంటే పీటముడి అయిపోతుంది, వాడంతట వాడు విప్పుకోలేడు. కట్టుకోవడం వచ్చి విప్పుకోవడం రాకపోతే వాడు కాలితోనే షూ తన్ని తీసేస్తాడు, మళ్లీ తొడిగేటప్పుడు ముడి విప్పకుండానే మడమ నలిపి దూరుస్తాడు. బో ముడి గొప్పతనమే కొస లాగితే ఊడిపోవడం, అది జారుముడి కాబట్టే. దాన్ని చంపేయకండి.

పరుగుపిచ్చి:
దానికి బదులు రెండో లేసుని లూప్ చుట్టూ ఒకసారి కాకుండా రెండుసార్లు తిప్పి దూర్చండి. రాపిడి పెరిగి నిలబడుతుంది, కొసలు లాగితే మామూలుగానే వచ్చేస్తుంది. నేను రేసుల్లో ఇదే వేస్తాను. మడమ జారే షూ అయితే అన్నింటికంటే పైన ఇంకో రంధ్రం ఉంటుంది చూడండి, చాలామంది ఖాళీగా వదిలేస్తారు, అందులోకి అదే వైపు లేసుని దూర్చి చిన్న లూప్ వదిలి, అవతలి లేసు కొసని ఆ లూపులోంచి తీసి బిగిస్తే మడమ కదలదు.

పేరెందుకులెండి:
ఈ చర్చ చదువుతూ ఇప్పటిదాకా ఆగాను, ఇక రాసేస్తున్నా. నాకు ముప్పై దాటాయి. నాకు లేసులు కట్టడం రాదు. చిన్నప్పుడు అమ్మ కట్టేది, తర్వాత వెల్క్రో, తర్వాత లేసుల్లేనివి, అదీ కాకపోతే ఎవరితోనో ఒకసారి కట్టించుకుని విప్పకుండా అలాగే తొడుక్కోవడం. ఇప్పుడు కొత్త ఉద్యోగంలో లేసుల సేఫ్టీ షూ తప్పనిసరి, రోజూ డ్యూటీలో ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మార్చుకోవాలి, పదిమంది మధ్యలో. ఒకటే టెన్షన్. వీడియోలు చూస్తే చేతులు కదిలే వేగానికి ఏమీ అర్థం కాదు, కుడి ఎడమ కూడా నాకు వెంటనే తట్టవు. పెద్దవాళ్లకి వేరే పద్ధతి ఏమైనా ఉందా, లేక ఇదేనా?

ముడిసరుకు:
ఇదే, కానీ మీకు సరిపడేది ఒకటి చెప్తాను, ఇందులో పట్టుకుని ఉంచాల్సింది ఏమీ లేదు. మొదటి ముడి వేసి బిగించండి. దాని మీద రెండో ముడి వేయండి, ఈసారి ఎదురు దిక్కులో, కానీ బిగించకండి, మధ్యలో ఒక సున్నాలా వదిలేయండి. ఇప్పుడు కుడి లేసు కొసని తీసుకెళ్లి ఆ సున్నాలోకి దూర్చండి, మొత్తం లాగకండి, వెలుపల ఒక లూప్ మిగలాలి. ఎడమ కొసని కూడా ఇవతలి నుంచి అలాగే. ఇప్పుడు రెండు లూపులూ పట్టుకుని లాగండి. బో వచ్చేస్తుంది. ఏ మెట్టు దగ్గరైనా చేతులు వదిలేసి ఊపిరి తీసుకోవచ్చు, ముడి ఎక్కడికీ పోదు. ఇంట్లో తలుపేసుకుని ఒళ్లో షూ పెట్టుకుని చేయండి, కాలికి తర్వాత.

ఓటీ_అక్క:
ముడిసరుకు గారు చెప్పింది బావుంది, నేనూ అదే చెప్పేదాన్ని. మీకు ఇంకో మాట. కుడి ఎడమ వెంటనే తట్టకపోవడం, చేతులతో వరుసగా చేసే పనులు కష్టంగా ఉండటం, ఇవి చిన్నప్పటి నుంచీ ఉంటే డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అనేది ఒకటుంది, డిస్‌ప్రాక్సియా అని కూడా అంటారు. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లల్లో 5-6 శాతం మందిలో ఉంటుందని మానసిక వైద్యులు వాడే డీఎస్ఎం-5లో ఉంది, అందులో చాలామందికి పెద్దయ్యాకా పోదు. మీకు అదే ఉందని నేను అనడం లేదు, ఇక్కడ కూర్చుని అలా చెప్పలేను కూడా. చొక్కా గుండీలు, జిప్పులు, రాత లాంటివి కూడా ఇబ్బందిగా ఉంటే ఒకసారి దగ్గర్లో థెరపిస్ట్‌ని కలవండి. లేసుల వరకూ అయితే నెమ్మదిగా తీసిన వీడియో, అదీ మీ భుజం మీంచి చూస్తున్నట్టు తీసింది వెతకండి, ఎదురుగా తీసింది వద్దు.

వెల్క్రోవీరుడు:
పేరెందుకులెండి గారూ, నా పేరు చూశారుగా, నాకూ సరిగ్గా రాదు. ముడిసరుకు గారి సున్నా పద్ధతి ఇప్పుడే వేసి చూశా. పడింది. నా పేరు మార్చుకోవాలేమో.

ఎడమచెయ్యి:
ఎడమచేతివాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. పిల్లాడిది ఎడమచేతివాటం, నేర్పేవాళ్లది కుడిచేతివాటం అయితే పైన ఇద్దరుపిల్లలతల్లి గారు చెప్పినట్టు పక్కన కాకుండా ఎదురుగా కూర్చోండి. అప్పుడు అద్దంలో చూసినట్టు సరిగ్గా సరిపోతుంది. మా ఇంట్లో నన్ను పక్కన కూర్చోబెట్టి "ఇలా కాదు, అలా" అని చేతులు మార్పించి మార్పించి, చివరికి సగం కుడి పద్ధతి సగం ఎడమ పద్ధతి కలిసిపోయింది. ఇప్పుడు ముడిసరుకు గారి పరీక్ష పెట్టి చూస్తే లూపులు నిలువుగా ఉన్నాయి, ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

మేనమామ_కష్టాలు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఓటీ అక్క చెప్పినట్టు చివరి లాగుడు వాడికి వదిలాను. ఇప్పుడు ఇంట్లో ఎవరు షూ వేసుకున్నా ఆఖరి లాగుడు వాడే లాగాలి, తాతయ్య బయటికి వెళ్లాలన్నా వీడు నిద్ర లేచేదాకా ఆగాల్సిందే. పెన్ను గీత కూడా పనిచేసింది, కొస లాగేయడం బాగా తగ్గింది, అప్పుడప్పుడూ మొదటి లూప్ వదిలేస్తున్నాడు, అంతే. కానీ ముడిసరుకు గారూ, వాడు కట్టినవి నిలువుగా పడుతున్నాయండీ. తిప్పే దిక్కు మార్చమంటే మొత్తం మర్చిపోతాడేమో అని భయం. ఏం చేయాలి?

ముడిసరుకు:
తిప్పే దిక్కు ముట్టుకోకండి. వాడు కష్టపడి చేతికి ఎక్కించుకున్నది అదే. మొదటి ముడి మార్చండి, ఎడమది పైన వేస్తుంటే కుడిది పైన వేయమనండి. అది తేలిక మెట్టు కాబట్టి త్వరగా అలవాటవుతుంది, మిగతాదంతా యథాతథం. రెండు రంగుల లేసులు వేసి ఉంటే ఇంకా సుఖం, "తెల్లది పైన" అంటే చాలు. 2005లో టెడ్ వేదిక మీద టెర్రీ మూర్ అనే ఆయన ఇదే విషయం మూడు నిమిషాల్లో చెప్పాడు, ఆయన మాత్రం తిప్పే దిక్కు మార్చమంటాడు. ఫలితం ఒకటే, రెంటిలో ఏదో ఒకటే మార్చాలి. రెండూ మారిస్తే మళ్లీ గ్రానీకే వస్తారు.

శాంత_మూడోఅంతస్తు:
చర్చ కొంచెం పక్కకి తీసుకెళ్తున్నాను, క్షమించండి. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పనిచేయడం లేదు. షూ వేసుకుని నడవమన్నారు. రోజూ నేనే కడతాను, కానీ ఆయనకి నా చేత కట్టించుకోవడం ఇష్టం ఉండదు, అందుకని నడకే మానేస్తున్నారు. ఒంటి చేత్తో కట్టుకునే దారి ఏమైనా ఉందా?

ఓటీ_అక్క:
ఉందండీ, దీనికి క్షమాపణ ఎందుకు. లేసు ఒక కొసకి పెద్ద ముడి వేయండి. కింది రంధ్రాల్లో ఒకదాంట్లోకి లోపలి నుంచి బయటికి తీయండి, ముడి లోపల అడ్డుపడి ఆగిపోతుంది. అక్కడి నుంచి అటూ ఇటూ అల్లుకుంటూ ఒకే లేసుగా పైదాకా వెళ్లండి. నాన్నగారు షూ తొడిగాక ఒక్క చేత్తో కింది నుంచి పైకి వరసవరసగా బిగించుకుంటూ వస్తారు, చివర్లో మిగిలిన కొసని పై వరస కిందనుంచి లూప్‌గా దూర్చి లాగితే ఆగుతుంది, విప్పాలంటే కొస లాగడమే. మొదట్లో కొంచెం వదులుగా ఉంటుంది, నూలు లేసు అయితే పట్టు బావుంటుంది. అది కుదరకపోతే సాగే ఎలాస్టిక్ లేసులు, ఒకసారి సరిచేసి ముడేస్తే ఇక షూ లేసుల్లేనిదానిలా తొడుక్కోవచ్చు.

పరుగుపిచ్చి:
శాంత గారూ, పొడుగు జిప్పుతో తెరుచుకునే స్పోర్ట్స్ షూ కూడా దొరుకుతాయి. మాథ్యూ వాల్జర్ అని సెరిబ్రల్ పాల్సీ ఉన్న కుర్రాడు 2012లో నైకీకి ఉత్తరం రాశాడు, కాలేజీకి వెళ్లాలి, నా షూ నేనే వేసుకోవాలి అని. వాళ్లు 2015లో ఫ్లైఈజ్ అనే రకం తెచ్చారు. ఇప్పుడు వేరే కంపెనీలవీ ఉన్నాయి, కొనేటప్పుడు నోరు వెడల్పుగా తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

శాంత_మూడోఅంతస్తు:
అక్కా, ముందు ఒక లేసు పద్ధతే చూస్తాం. ఒక డౌటు, ఆయనకి కుడి చెయ్యి బావుంది కదా, లేసు మొదలుపెట్టే ముడి ఏ వైపు రంధ్రంలో ఉండాలి?

ఓటీ_అక్క:
పైన చివరికి కొస కుడి వైపు బయటికి వచ్చేలా చూసుకోండి, ఆయన చెయ్యి అటే ఉంటుంది కాబట్టి లాగడం సులువు. అంటే ముందు ఖాళీ షూకి అల్లి చూసి, కొస ఎడమకి వస్తే మొదటి ముడిని అవతలి రంధ్రానికి మార్చేయండి. రెండు షూలకీ అలాగే, ఎడమ షూకి కూడా కుడి వైపే.